ఐదో చేప

కాలేజీ గెస్ట్‌హౌస్,
జూన్ మొదటి వారం

అక్కకి,

మేమిద్దరం క్షేమంగా చేరాం. కాలేజీ వాళ్ళు ఇచ్చిన గది బాగానే ఉంది గానీ, గోడల రంగు చూస్తుంటే పంటినొప్పి వస్తోందని నీ మరదలు అంటోంది. పాఠాలు రేపటినుంచి మొదలు. ఆఖరి సంవత్సరం పిల్లలకి కట్టుడు పళ్ళ తయారీ నేనే చెప్పాలట. ఆ పని చేత్తో తెలిసినవాళ్ళు ఇక్కడ లేరని ప్రిన్సిపాల్ గారు స్వయంగా అన్నారు.

ఇక అసలు సంగతి, హాల్లో చేపల తొట్టి. నేను లేని ఈ నాలుగు నెలలూ నీకు క్లినిక్ కంటే అదే పెద్ద బాధ్యత. పళ్ళు పీకడానికి చిన్న డాక్టరు ఉన్నాడు. పేషెంట్లకి ధైర్యం చెప్పి నోరు తెరిపించడానికి నర్సమ్మ ఉంది. కౌంటర్లో నువ్వున్నావు. ఉప్పునీళ్ళ చేపల సంగతి మాత్రం అందరికీ తెలిసేది కాదు. మేత పొద్దున ఒక చిటికెడు, సాయంత్రం ఒక చిటికెడు వెయ్యి. అద్దం నర్సమ్మ తుడుస్తుంది. పైతొట్టి నీళ్ళు ఒక మూలనుంచి పొర్లి, గొట్టంలోంచి కింద అలమరలో ఉన్న ఫిల్టరు పెట్టెలోకి దిగి, అక్కడ శుభ్రపడి, మోటారుతో మళ్ళీ పైకి వస్తాయి. ఆ అలమర ఎవరూ తెరవొద్దు. అంతా కొత్తగా సర్దించాను, నేను వచ్చేదాకా ముట్టుకోనక్కర్లేదు. తాళంచెవి నర్సమ్మ గుత్తిలోనే ఉంది గానీ, తెరవొద్దని ఆవిడకి గట్టిగా చెప్పి వచ్చాను.

నీళ్ళు పొర్లే మూలలో నేను బిగించిన జాలీ చూశావా? షాపువాడు ఇచ్చిన నల్ల ప్లాస్టిక్ ముక్కని చూడలేక, బయల్దేరే ముందు నేనే కట్టుడు పళ్ళ పదార్థంతో పోతపోసి చేశాను. గులాబి రంగు చిగురు, దానిమీద తెల్లటి పళ్ళ వరస. హాల్లో కూర్చున్నవాళ్ళకి మన పనితనం కళ్ళెదుట ఉండాలి కదా.

ఫోను చేస్తే ఎందుకు ఎత్తవు? ఈ రోజుల్లో ఉత్తరాలేమిటి అక్కా?

నీ తమ్ముడు


క్లినిక్ పై వాటా,
జూన్ నెలాఖరు

చిరంజీవి తమ్ముడికి,

ఫోనులో అయితే నీకు గిట్టని మాట రాగానే పేషెంటు వచ్చాడని పెట్టేస్తావు. ఉత్తరమైతే చివరిదాకా చదవక తప్పదు. ఉద్యోగమంతా కోర్టులో టైపు కొట్టినదాన్ని, నాకు కాగితం మీద ఉన్నదే మాట.

నీ జాలీ చూశాను. చూడక ఎక్కడికి పోతాను, హాల్లో అడుగుపెట్టినవాళ్ళకి ముందు కనబడేది అదే. మొన్నొక పెద్దాయన నన్ను పక్కకి పిలిచి, "అమ్మా, ఎవరో పాపం పళ్ళసెట్టు తొట్టిలో జారవిడుచుకున్నారు" అని రహస్యంగా చెప్పాడు. అది డాక్టరు గారి కళాఖండం అన్నాను. ఆయన ఒకసారి తన నోరు తడుముకుని వెళ్ళి మూల కుర్చీలో కూర్చున్నాడు. మళ్ళీ పిలిస్తే ఇంకో రోజు వస్తానన్నాడు.

నువ్వు రాసిన పాఠం ప్రకారమే అన్నీ జరుగుతున్నాయి. చిటికెడు అంటే నీ చిటికెడా నా చిటికెడా అని రాయలేదు గనక నర్సమ్మ చిటికెడే వేస్తున్నాం. కానీ ఒక సంగతి. నారింజ రంగు చారల జంట కనబడటం లేదు. పేషెంట్లంతా మొగుడూ పెళ్ళాం అని పిలిచేవి, అవే. ముందు మొగుడు మాయమయ్యాడు. కొన్నాళ్ళకి పెళ్ళాం కూడా. నేలమీద దూకలేదు, చచ్చి తేలనూ లేదు. నర్సమ్మ రాళ్ళ సందులన్నీ పుల్లతో కదిపి చూసింది. నాకంటే ఆవిడకే బెంగ ఎక్కువగా ఉంది. సూది చూసి ఏడ్చే పిల్లలకి ఆ జంటని చూపించే కదా ఆవిడ నోరు తెరిపించేది.

ఏం చెయ్యాలో రాయి. కళ గురించి కాకుండా చేపల గురించి రాయి.

అక్క


కాలేజీ గెస్ట్‌హౌస్,
జూలై

అక్కకి,

నీ ఉత్తరం చదివి రెండు పూటలు అన్నం సయించలేదు. ఆ జంట ఆషామాషీ జంట కాదు. వాటిని బతికించడానికి నేను పడ్డ పాట్లు నా సొంత పిల్లలకి కూడా పడలేదు.

చేపలు ఆవిరైపోవు అక్కా. చస్తే తేలతాయి, దూకితే నేలమీద ఉంటాయి. రెండూ కాలేదంటే ఏమనుకోవాలి? నేను ఎవరినీ ఏమీ అనడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను. నేను రావడానికి ముందు నర్సమ్మ మనవరాలు క్లినిక్‌కి వచ్చింది. తొట్టి ముందునుంచి కదలలేదు. "అమ్మమ్మా, ఆ రెండూ మనింటికి" అని ఒకటే గొడవ. నేను చెవులారా విన్నాను. వాళ్ళింట్లో గాజుగిన్నె ఒకటి ఉందనీ, దాంట్లో చేపలు పెంచుతున్నారనీ నర్సమ్మే చెప్పింది.

పందొమ్మిదేళ్ళుగా నా పక్కన పనిచేస్తున్న మనిషి, కాదనను. కానీ మనవల దగ్గరికి వచ్చేసరికి ఎంతటివాళ్ళకైనా మనసు జారుతుంది. నీకు మనుషుల్ని ఊరికే నమ్మేసే జబ్బు ఉంది. కాస్త కనిపెట్టి ఉండు, అంతే.

నీ తమ్ముడు


క్లినిక్ పై వాటా,
జూలై

చిరంజీవి తమ్ముడికి,

"నేను ఎవరినీ ఏమీ అనడం లేదు" అని మొదలుపెట్టినవాడు తరవాత ఎవరినీ వదలడు. అలాంటివాళ్ళ వాంగ్మూలాలు కట్టలు కట్టలు టైపు కొట్టాను.

ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టుంది నీ వరస. చేప కనబడలేదంటే నువ్వు మనిషిని కట్టెయ్యమంటున్నావు. వాళ్ళింటి గాజుగిన్నెలో ఉన్నవి కుళాయి నీళ్ళు. సముద్రపు చేపని కుళాయి నీళ్ళలో వేస్తే పూట కూడా బతకదని, నేను భోజనానికి కూర్చున్నప్పుడల్లా నాకు ఉపన్యాసం ఇచ్చింది నువ్వే. నీ పాఠం నాకు గుర్తుంది, చెప్పినవాడివి నువ్వు మరిచిపోయావు. ఆ పిల్ల అడిగిందంటావా, తొట్టి చూసిన ప్రతి పిల్లా అడుగుతుంది. నువ్వు ఆ వయసులో పక్కింటివాళ్ళ మేకపిల్ల కావాలని వీధిలో పొర్లావు. అందుకని మన అమ్మ దాన్ని ఎత్తుకొచ్చిందా?

ఇప్పుడు ఇంకో కబురు విను. నీలంది లేదు. పసుపుది లేదు. నువ్వు బతిమాలి ఎక్కడినుంచో తెప్పించిన నిప్పుతోక, అగ్గిపుల్లంత ఉంటుంది చూడు, అదీ లేదు. మొత్తం ఐదు. తొట్టిలో మిగిలింది ఆ బొద్దు చేప ఒక్కటే. దానికి అటునుంచి ఇటు తిరగడమే గగనం, ఇంకెక్కడికి పోతుంది.

నీ అనుమానం నర్సమ్మ చెవిన పడకూడదు. ఇది నీకూ నాకూ మధ్య ఉండాలి. మొగుడు పోయాక కూతుర్ని ఒంటిచేత్తో పెంచుకుని, ఒకరి చేత మాట పడకుండా బతికిన మనిషి ఆవిడ. ఆవిడకి ఉన్న ఆస్తి అదొక్కటే. దానిమీద చెయ్యి వెయ్యకు.

అక్క


కాలేజీ గెస్ట్‌హౌస్,
ఆగస్టు

అక్కకి,

ఐదా! నిప్పుతోక కూడానా! నీకు ఇది నవ్వులాటగా ఉంది.

గాజుగిన్నె కాకపోతే ఇంకెక్కడికో చేరి ఉంటాయి. చేప తనంతట తాను తలుపు తీసుకుని వెళ్ళదు కదా. అయినా సరే, నువ్వు అంతగా చెప్పావు గనక నేను ఎవరితోనూ ఏమీ అనను. నేను వచ్చాక నిదానంగా చూసుకుందాం.

ఇక్కడ పాఠాలు బ్రహ్మాండంగా సాగుతున్నాయి. కట్టుడు పళ్ళు మరీ తీర్చిదిద్దినట్టు ఉంటే అబద్ధంలా కనబడతాయనీ, ముందుపళ్ళ మధ్య కాస్త సందు వదిలితేనే సొంత పళ్ళనిపిస్తాయనీ నిన్న చెప్పాను. అది నా చేతిగుర్తు, నేను పోసిన ఏ పళ్ళవరసలోనైనా ఆ సందు ఉండి తీరుతుంది అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు.

నీ తమ్ముడు


క్లినిక్ పై వాటా,
ఆగస్టు

డాక్టరు గారికి,

ఎవరితోనూ ఏమీ అనను అని నాకు రాసిన చేత్తోనే చిన్న డాక్టరుకి ఇంకో ఉత్తరం రాశారన్నమాట. ఎంత నిదానం!

నేను పైన ఉన్నాను. కింద హాలు నిండా జనం. చిన్న డాక్టరుకి నర్సమ్మ మొహం చూసి చెప్పే ధైర్యం లేక, నీ ఉత్తరం జేబులోంచి తీసి పైకి చదివాడు. "చేపల విషయం తేలేవరకు ఆమె రానక్కర్లేదు. తాళాలు స్వాధీనం చేసుకో." స్వాధీనం! మా జడ్జి గారు కూడా అంత తేలిగ్గా ఆ మాట వాడేవాడు కాదు. నర్సమ్మ చేతిలో ఉన్న ట్రే కడిగి బోర్లించి, గుత్తిలోంచి తన ఇంటి తాళంచెవి ఒక్కటీ తీసుకుని, మిగతావి బల్లమీద పెట్టి వెళ్ళిపోయిందట. కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్న పేషెంటు లేచి ఆవిడ వెనకాలే పోయాడు.

తెలిసిన వెంటనే వాళ్ళింటికి వెళ్ళాను. ఏడుస్తుందేమో, నన్ను తిడుతుందేమో అనుకున్నాను. రెండూ లేవు. గోడవైపు చూస్తూ ఒకటే చెప్పింది. "డాక్టరు గారు అన్నారని కాదు అక్కగారూ. మా అమ్మాయి ఇందాక నన్ను పక్కకి పిలిచి, అమ్మా, పిల్ల అడిగిందని తెచ్చావా, తెచ్చుంటే చెప్పు, ఎవరికీ తెలీకుండా ఇచ్చేద్దాం అంది." కన్నకూతురు అలా అడిగిందిరా. నాకు అక్కడ కూర్చోవడానికి సిగ్గేసింది.

ఇంటికొచ్చేసరికి తొట్టి మోటారు మూలుగుతోంది. చిన్న డాక్టరు స్వాధీనం చేసుకున్న తాళంచెవి లాక్కుని, నువ్వు తెరవొద్దన్న అలమర తెరిచాను. ఫిల్టరు పెట్టెలో మొగుడూ పెళ్ళాం కాపురం పెట్టి ఉన్నారు. పక్కన నీలంది, దాని వెనక పసుపుది. నాలుగూ నిక్షేపంగా ఉన్నాయి. పైన వేసిన మేతలో సగం పొర్లి కిందకే చేరుతోంది కాబోలు, నీలంది పొట్ట కూడా పెంచింది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికారని సామెత. మీరు వెతకను కూడా వెతకలేదు, నేరుగా మనిషిని పట్టుకున్నారు.

ఎలా దిగాయంటావా? కుర్చీ వేసుకుని నీ జాలీ దగ్గరనుంచి చూశాను. పళ్ళన్నీ దగ్గరదగ్గరగానే ఉన్నాయి. సరిగ్గా మధ్యలో, ముందుపళ్ళ మధ్య, నా వేలు పట్టేంత సందు ఉంది. నీ చేతిగుర్తు. పిల్లలు చప్పట్లు కొట్టిన సందు. సొంత పళ్ళలా కనబడాలని చేపలు మొరపెట్టుకున్నాయా నీకు? షాపువాడి నల్ల ముక్క మళ్ళీ బిగింపించాను. నీ కళాఖండం సొరుగులో ఉంది.

అలమర తాళంచెవి ఇన్నాళ్ళూ నర్సమ్మ నడుమునే ఉంది. ఒక్కసారి తెరిచి చూసి ఉంటే ఈ గొడవే లేదు. నువ్వు వద్దన్నావని తెరవలేదు. నీ మాట విన్నందుకు దొంగైంది.

నిప్పుతోక మాత్రం కనబడలేదు. అంత సన్నటిది మోటారులో పడి నలిగిందో, మిగతావే తినేశాయో తెలియదు. తెలిసే దారి కూడా లేదు.

అక్క


కాలేజీ గెస్ట్‌హౌస్,
సెప్టెంబరు మొదట్లో

అక్కకి,

చేపలు దొరికినందుకు చాలా సంతోషం. జాలీలో లోపం ఉందని మాత్రం నేను ఒప్పుకోను. షాపువాడు మోటారు జోరు ఎక్కువ పెట్టి ఉంటాడు. మామూలు జోరులో ఏ చేపా అలా కొట్టుకుపోదు. దాన్ని సొరుగులో పడేశావా? జాగ్రత్తగా గుడ్డలో చుట్టి పెట్టు.

నర్సమ్మ విషయం. చిన్న డాక్టరు అలా నలుగురిలో చదవడం అతని తెలివితక్కువతనం. నేను అతనికి రాశాను గానీ హాలుకి రాయలేదు కదా. జరిగిందేదో జరిగింది, సోమవారం నుంచి రమ్మను. నాలుగు దొరికాయి గనక ఆ నాలుగింటి విషయంలో ఆవిడమీద నాకు ఏ అనుమానమూ లేదు. ఐదోది అన్నిటికంటే అరుదైనది. దాని సంగతి నేను వచ్చాక చూద్దాం. ఈ మాటలు నా తరఫున నువ్వే ఆవిడకి నచ్చజెప్పు. ఆవిడ లేకపోతే పేషెంట్లు నిలవడం లేదని చిన్న డాక్టరు కూడా రాశాడు.

నీ తమ్ముడు


క్లినిక్ పై వాటా,
సెప్టెంబరు

తమ్ముడికి,

ఆడలేక మద్దెల ఓడు అన్నదట నీలాంటిదే. మోటారు జోరట! షాపువాడు బిగించిన నల్ల ముక్క పెట్టాక ఆ జోరులోనే ఒక్క చేపా దిగలేదు. బొద్దుదానికి తోడు నాలుగూ పైనే తిరుగుతున్నాయి.

నచ్చజెప్పమన్నావు. నేను నచ్చజెప్పను. కోర్టు అలవాటు కొద్దీ నీ ఉత్తరం తీసుకెళ్ళి ఒక్క అక్షరం మార్చకుండా నర్సమ్మకి చదివి వినిపించాను. "ఆ నాలుగింటి విషయంలో" దగ్గర ఆగమంది. మళ్ళీ చదవమంది. చదివాను.

"అంటే నాలుగు చేపలు నా తరఫున సాక్ష్యం చెప్పాయి, ఐదోది చెప్పలేదు. అంతేగా అక్కగారూ? ఆ నాలుగూ కూడా చచ్చిపోయుంటే నేను ఐదింటికీ దొంగనే అయ్యేదాన్ని" అంది. తరవాత కాసేపు చీర కొంగు మడతలు పెడుతూ కూర్చుంది. "పందొమ్మిదేళ్ళు ఆయన పక్కనే నించున్నాను. ఎంతమంది తలలు ఈ చేతుల్లో పట్టుకున్నానో. నన్ను అడిగితే నేనేగా చెప్పేదాన్ని. అడగలేదు. చేపల్ని అడిగారు."

పనిలోకి వస్తావా అంటే, పని సంగతి తరవాత అంది. ఆవిడకి కావలసింది ఒక్కటే. ఐదోది దొరికినా దొరక్కపోయినా తను తియ్యలేదని నువ్వు నీ చేత్తో రాయాలి. తన పేరుమీద రాయాలి, నా పేరుమీద కాదు. కూతురికి చూపించాలట.

నీకు ఇంకో మాట చెప్పాలి. నిప్పుతోక దొరికిందని అబద్ధం రాసేసి నీ చేత ఆ నాలుగు ముక్కలూ రాయించేద్దామా అని నాకు అనిపించింది. తెల్ల కాగితం ముందు చాలాసేపు కూర్చున్నాను. రాయలేదు. చేప దొరికిందని రాసే ఉత్తరం ఆవిడకి పనికిరాదు. కాబట్టి నిజమే చెబుతున్నాను, అది దొరకలేదు. ఇక దొరకదు. ఇప్పుడు రాయి.

అక్క


కాలేజీ గెస్ట్‌హౌస్,
సెప్టెంబరు నెలాఖరు

నర్సమ్మ గారికి,

నమస్కారం. మూడుసార్లు రాసి చింపేశాను. ప్రతిసారీ చేపల గురించే వచ్చింది.

ఐదో చేప దొరకలేదు. మీరు తియ్యలేదు. మిగతా నాలుగూ దొరకకపోయినా మీరు తియ్యలేదు.

చేపలు పోతున్నాయంటే నేను చేసినదాంట్లో ఏదో లోపం ఉందనుకోవాలి, లేకపోతే ఎవరో తీశారనుకోవాలి. రెండోది అనుకోవడం నాకు తేలికైంది. మిమ్మల్ని అనడం ఇంకా తేలికైంది, మీరు ఎదురు చెప్పరని తెలుసు గనక. జాలీలో సందు నేను పెట్టిందే. దానికి మిమ్మల్ని నలుగురిలో నిలబెట్టాను. ఆ ఉత్తరం చదివింది చిన్న డాక్టరైనా రాసింది నేను.

ఇది మీ అమ్మాయికి చూపించండి. హాల్లో ఉన్నవాళ్ళకి కూడా చదవమని చిన్న డాక్టరుకి ఇంకో కాపీ పంపాను. నన్ను క్షమించండి.

మీరు వస్తే మీ కుర్చీ మీకోసం అలాగే ఉంది.

డాక్టరు


క్లినిక్ పై వాటా,
అక్టోబరు

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం నర్సమ్మ చేతికే ఇచ్చాను. నిలబడే చదివింది. కూతుర్ని పిలిచి, "చదువు, పైకి చదువు" అంది. ఆ పిల్ల "మీరు తియ్యలేదు" దాకా చదివి ఇక చదవలేక తల్లి భుజంమీద తల పెట్టేసింది. నర్సమ్మే వీపు రాస్తూ, సరేలే సరేలే అంది, కుర్చీలో భయపడే పేషెంట్లతో అన్నట్టే. ఆ తరవాత ఉత్తరం మడిచి తన దగ్గరే పెట్టుకుంది.

చిన్న డాక్టరు కూడా హాల్లో చదివాడు. ఈసారి అతని గొంతు కాస్త బాగా లేచింది. పళ్ళసెట్టు పెద్దాయన తిరిగొచ్చి కూర్చుని ఉన్నాడు, మొత్తం విని, "రాయడం ఎప్పుడో రాయాల్సింది" అన్నాడు. నువ్వు నాకు రాసిన ఉత్తరాలన్నిటినీ చెత్తబుట్టలో వెయ్యొచ్చు. ఆవిడకి రాసింది మాత్రం మనిషి రాసినట్టు ఉంది. నాకు నీమీద ఇన్ని నెలల్లో మొదటిసారి జాలేసింది.

సోమవారం వస్తావా అని అడిగాను. రాను అంది.

"కోపం లేదు అక్కగారూ, ఆయన రాసింది చాలు. కానీ ఇప్పుడు ఆ హాల్లో ఎవరి గొడుగు కనబడకపోయినా ముందు నా చేతులు నేను చూసుకుంటాను. అలా చూసుకుంటూ ఒకరి తల ఎలా పట్టుకోను?"

మలుపులో కొత్తగా పెట్టిన పళ్ళ ఆస్పత్రిలో ఆవిడ చేరి వారమైంది. అక్కడ డాక్టరు ఎవరో ఇంకా ఎవరికీ సరిగ్గా తెలియదు గానీ, లోపల నర్సమ్మ ఉందని వీధంతా తెలిసిపోయింది. ఆవిడ కుర్చీ ఖాళీగానే ఉంచు, దుమ్ము తుడిపిస్తుంటాను.

నాలుగు రోజులుగా నా దవడపన్ను సలుపుతోంది. చిన్న డాక్టరుకి చూపించమంటావు, లేకపోతే నువ్వు వచ్చేదాకా ఓర్చుకోమంటావు. నావల్ల కాదు. రేపు పొద్దున నేనూ మలుపులోని ఆస్పత్రికే పోతున్నాను.

అక్క